జేన్ నేర్చుకున్న హిందుస్తానీ

మా బైఠక్ పటాన్‌చెరులో, ముంబయి హైవేని ఆనుకుని ఉన్న ఒక బట్టల దుకాణం మీది గదిలో జరుగుతుంది. నెలకో ఆదివారం. వచ్చేవాళ్లలో పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లున్నారు. సంగారెడ్డి నుంచి బస్సెక్కి వచ్చే టీచర్లున్నారు. చదువుకుంటున్న ఆడపిల్లలున్నారు. ఎక్కువమందిమి ముస్లింలం, అందరం కాదు. గాలి ఇటు మళ్లిన రోజు కిటికీలు మూసుకుని చదువుకుంటాం. నక్కవాగు సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది 1990లో. మా కిటికీ సంగతి ఇంకా తేలలేదు.

మాలో ఒక చెల్లె దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీషు కట్టింది. ఒక ఆదివారం 'జేన్ ఎయిర్' పట్టుకొచ్చింది. షార్లెట్ బ్రాంటీ 1847లో, ఆడపేరు కనపడకుండా కరర్ బెల్ అనే పేరుతో అచ్చు వేయించిన నవల అది. చెల్లె దగ్గర గైడు కూడా ఉంది. 'జేన్ ఎయిర్ స్త్రీవాద నవల, చర్చింపుము' అన్న ప్రశ్నకు అందులో పది పాయింట్లున్నాయి. అనాథ పిల్ల. కొట్టినవాడికి ఎదురు తిరిగింది. పంతులమ్మగా కష్టపడి సొంత కూడు తిన్నది. తనను జీతానికి పెట్టుకున్న రాచెస్టర్ మొహం మీదే నేనూ నీలాంటి మనిషినే అన్నది. అతనికి ముందే పెళ్లయిందని, ఆ భార్యను మేడ మీద గదిలో పెట్టి తాళం వేశాడని తెలిసిన తర్వాత చీకటితోనే ఇల్లు విడిచిపోయింది. చివరికి తన డబ్బుతో, తన ఇష్టంతో వచ్చి పెళ్లి చేసుకుంది. అన్నీ నిజమే. మేం ఏ ఒక్కదానికీ అడ్డు చెప్పం.

అయితే చెల్లె గైడు మూసేసి నవల తెరిచింది. మొదటి అధ్యాయంలో పదేళ్ల జేన్ మేనమామ భార్య ఇంట్లో ఎర్ర పరదా వెనక, కిటికీ అరుగు మీద దాక్కుని పుస్తకం చూస్తుంటుంది. కాళ్లు మడుచుకుని టర్కులా కూర్చున్నానంటుంది. "తురకదానిలెక్క కూసున్నదట ఆపా" అని చెల్లె నవ్వింది. మేమందరం నవ్వాం. ఆ మాట మాకు బళ్లో, బావి దగ్గర, కంపెనీ గేటు దగ్గర ఎన్నిసార్లు తగిలిందో! ఇక్కడ మాత్రం అదొక ఆడపిల్లకు దొరికిన కాస్త చాటు, కాస్త హాయి. పరదా వెనక కూర్చున్న తురక పిల్లగానే జేన్ మనకు మొదట కనపడుతుంది.

ఇరవై నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి ఆ తురక మారిపోతాడు. రాచెస్టర్ పెళ్లిబట్టలు కొనిపెట్టడానికి జేన్‌ను ఊళ్లోకి తీసుకుపోతాడు. పట్టుచీరాలు, నగలు పరిపిస్తాడు. ఆమెకు సిగ్గేస్తుంది, ఉంచుకున్నదానికి పెట్టినట్టు పెడుతున్నాడే అని. అతని నవ్వు ఆమెకు బానిసపిల్లకు నగ తొడిగి మురిసే సుల్తాన్ నవ్వులాగుంటుంది. అతనూ తగ్గడు. టర్కీ సుల్తాన్ జనానా మొత్తం ఇస్తానన్నా ఈ ఒక్క ఇంగ్లీషు పిల్లను ఇవ్వనంటాడు. అప్పుడు జేన్ చెప్పే జవాబు నవలకే గొప్ప జవాబని చాలామంది చెప్తారు. నేను మిషనరీనై పోతాను, బానిసలకు స్వేచ్ఛ బోధిస్తాను, నీ జనానాలో ఆడవాళ్లతోనే తిరుగుబాటు చేయిస్తాను అంటుంది. ఆ పక్కనే, నువ్వు చస్తే నీతో సతి పోయే రకం కాదు నేను అని కూడా అంటుంది. ఒకే అధ్యాయంలో హిందూ చితి, ముస్లిం జనానా రెండూ ఇంగ్లీషు పిల్ల స్వేచ్ఛకు కొలబద్దలై నిలబడ్డాయి.

చెల్లె పుస్తకం ఒళ్లో పెట్టుకుని అడిగింది. "నన్ను ఇడిపిస్తదట. నన్ను అడిగిందా?"

ఆ ప్రశ్న మాకు కొత్తది కాదు. ఒక సభలో, ఏ ఊళ్లోనో ఎవరు పెట్టిన సభో ఎందుకులెండి, మాలో ఒక ఆపా కంపెనీలో ఆడవాళ్లకు మగవాళ్లకు ఒకే పనికి రెండు కూళ్లున్నాయని కవిత చదివింది. చప్పట్లయ్యాక ఒక పెద్దమనిషి లేచి, "బాగుందమ్మా, మరి బురఖా మీద, తలాఖ్ మీద ఎప్పుడు రాస్తావు?" అని అడిగాడు. ఆయన చెడ్డవాడు కాదు. మా వైపే నిలబడే మనిషి. ఆపా కూలి గురించి మాట్లాడింది. ఆయనకు వినపడింది జనానా. 'జేన్ ఎయిర్'ను స్త్రీవాదులు ఎట్లా చదివారో, ఆ చదువు ఎట్లా మారుతూ వచ్చిందో మేం వెనక్కి పోయి వెతకడానికి కారణం ఇంగ్లీషు సాహిత్యం మీద మోజు కాదు. ఆ పెద్దమనిషి ప్రశ్న ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలనిపించింది.

నవల అచ్చయిన మరుసటి ఏడు, 1848లో, ఎలిజబెత్ రిగ్బీ అనే ఆమె లండన్ 'క్వార్టర్లీ రివ్యూ'లో దీన్ని చీల్చి చెండాడింది. ఇది క్రైస్తవానికి విరుద్ధమైన పుస్తకమన్నది. రాసింది ఆడదే అయితే ఆడవాళ్ల సాంగత్యానికి తగనిదై ఉంటుందన్నది. ఒక ఆడమనిషే ఇంకొక ఆడమనిషి కోపాన్ని చూసి భయపడిన చదువది. అక్కడి నుంచి కథంతా చెప్పడం కంటే ఒక్క నవ్వును పట్టుకుని పోవడం మేలనిపిస్తుంది.

జేన్ ఒకరోజు మేడ మీదికెక్కి దూరంగా చూస్తూ, ఆడవాళ్లకూ మగవాళ్లలాగే మనసు ఊరుకోదు, వాళ్లకూ పని కావాలి, వంటలకూ అల్లికలకూ కట్టేసి ఉంచడం అన్యాయం అని తనలో తాను గట్టిగా అనుకుంటుంది. అప్పుడే పై అంతస్తులో ఎవరో నవ్వుతారు. గ్రేస్ పూల్ అనే పనిమనిషి నవ్వు అని ఇంట్లోవాళ్లు చెప్తారు. నిజానికి అది తాళం వెనక ఉన్న భార్య బెర్తా మేసన్ నవ్వు. 1929లో వర్జీనియా వూల్ఫ్ స్త్రీలూ సాహిత్యమూ అన్న విషయం మీద రాసిన పుస్తకంలో సరిగ్గా ఇక్కడే ఆగింది. ఇంత పెద్ద ఆలోచన మధ్యలో ఈ గ్రేస్ పూల్ నవ్వేమిటి, అతుకు కనపడుతోందే అన్నది. రచయిత్రి కోపమే రచనను వంకర చేసిందన్నది. స్త్రీవాదానికి అమ్మమ్మలాంటి వూల్ఫ్‌కు ఆ నవ్వు ఒక లోపంగానే వినపడింది.

యాభై ఏళ్ల తర్వాత, 1979లో, అమెరికాలో సాండ్రా గిల్బర్ట్, సుసాన్ గుబార్ ఇద్దరూ కలిసి ఒక పెద్ద పుస్తకం రాశారు. ఆ పుస్తకం పేరులోనే మేడ మీది పిచ్చిది ఉంది. వూల్ఫ్ అతుకన్నచోట వీళ్లకు ప్రాణం దొరికింది. ఆ నవ్వు జేన్‌దే అన్నారు. జేన్ గొంతు దాటి రాని కోపం బెర్తా గొంతులోంచి వస్తోందన్నారు. జేన్ పెళ్లి ముసుగు వేసుకోవడానికి జంకుతుంది, బెర్తా వచ్చి దాన్ని చింపుతుంది. జేన్ ఆ ఇంటిని లోలోపల అసహ్యించుకుంటుంది, బెర్తా దానికి నిప్పు పెడుతుంది. ఎంత అందమైన చదువు! దాన్ని విన్నప్పుడు మా గదిలో ఆడవాళ్లందరూ కదిలారు. ప్రతి ఇంట్లో, వంట చేసే ఆడమనిషి లోపల తాళం వేసి ఉన్న ఇంకొక ఆడమనిషి ఉంటుందని ఎవరికి తెలియదు? 1980ల నుంచి మన విశ్వవిద్యాలయాల ఇంగ్లీషు శాఖల్లోకి వచ్చిన స్త్రీవాద విమర్శలో ఈ చదువుకు పెద్ద చోటుంది. చెల్లె గైడులో పది పాయింట్లూ దీనికి చిన్న చెల్లెళ్లే.

ఇందులో ఒక చిక్కుంది. బెర్తా జేన్ కోపమే అయితే మరి బెర్తా ఎవరు? ఆమెకొక ఊరుంది. జమైకాలోని స్పానిష్ టౌన్. ఒక తల్లి ఉంది, క్రియోల్ అంటుంది నవల. ముప్పై వేల పౌన్ల కట్నం తెచ్చింది. ఆ కట్నం వెనక చెరుకుతోటలు, తోటల వెనక బానిసలు ఉన్నారు. నవలలో ఆమెకు ఒక్క వాక్యం లేదు. నాలుగు కాళ్ల మీద పాకే జంతువులా ఉంది, మనిషో మృగమో తెలియలేదు అంటుంది జేన్. అమెరికన్ చదువు రాకముందే, 1966లో, కరీబియన్ దీవి డొమినికాలో పుట్టిన జీన్ రిస్ అనే రచయిత్రి 'వైడ్ సర్గాసో సీ' అన్న నవలలో బెర్తాకు పేరూ, బాల్యమూ, గొంతూ ఇచ్చింది. మేడ మీది గదిలోంచి కథ చెప్పించింది. చిత్రమేమిటంటే విమర్శకులు ఆ గదికి చేరడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. కథకులే ముందు పోతారు, విమర్శకులు తర్వాత వస్తారు. మా అనుభవం కూడా అదే.

1985లో గాయత్రీ చక్రవర్తి స్పివాక్ వచ్చి తలుపు తోసింది. బెంగాల్‌లో పుట్టి అమెరికాలో పాఠాలు చెప్పే మనిషి. ఆమె అన్నదేమిటో మాకు అర్థమైనంతలో చెప్తాం. జేన్ అనే ఒంటరి స్త్రీ నిండు మనిషిగా లేచి నిలబడాలంటే వలసదేశం నుంచి వచ్చిన ఇంకొక స్త్రీ మనిషికంటే తక్కువదిగా కనపడాలి, ఇంటికి నిప్పు పెట్టి, కప్పు మీంచి దూకి చావాలి. అప్పుడే జేన్‌కు దారి సాఫవుతుంది. ఈ సంగతి చూడకుండా జేన్‌ను స్త్రీవాదానికి దేవతగా నిలబెడితే మనం సామ్రాజ్యానికి చేతులు కలిపినట్టే. స్పివాక్ అక్కడ కూడా ఆగలేదు. జీన్ రిస్ బెర్తాకు గొంతిచ్చింది గానీ, ఆ నవలలో బెర్తాను పెంచిన నల్లజాతి దాది క్రిస్టోఫీన్ కొంత దూరం వచ్చి కథలోంచి వెళ్లిపోతుందే, ఆమె మాటేమిటి అని అడిగింది. ఒక తలుపు తీస్తే వెనక ఇంకొక మనిషి.

జనానా తలుపు తీసింది మాత్రం 1993లో. జాయిస్ జోనానా అనే విమర్శకురాలు 'సైన్స్' అనే స్త్రీవాద పత్రికలో రాసిన వ్యాసం అది. 'జేన్ ఎయిర్'లో సుల్తాన్ మాట ఎక్కడో ఒకచోట జారిన పోలిక కాదనీ, నవల నడకంతా దాని మీదే ఉందనీ ఆమె చూపించింది. పద్ధతి ఇట్లా ఉంటుంది. పడమటి మగవాడు తన ఆడదాన్ని అణిచాడనుకోండి. అతను పడమటివాడుగా తప్పు చేశాడనరు. తూర్పువాడిలా, ముస్లింలా ప్రవర్తించాడంటారు. అప్పుడు స్త్రీ స్వేచ్ఛ అడగడం అంటే మన సమాజాన్ని కూలగొట్టడం కాదు, మనలో చొరబడ్డ తూర్పును కడిగేసుకోవడమే అవుతుంది. ఆడదాని మాట ఎవరికీ గుచ్చుకోదు. అందరూ వింటారు. 1792లో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కుల మీద పుస్తకం రాసినప్పుడే ఈ పద్ధతి ఉంది. ఆడవాళ్లను తక్కువ జీవులుగా చూడడాన్ని ఆమె మహమ్మదీయ పద్ధతి అన్నది. దీనికి జోనానా పెట్టిన పేరు స్త్రీవాద ప్రాచ్యవాదం. సభలో లేచి నిలబడ్డ మా పెద్దమనిషి చుట్టం ఎక్కడున్నాడో ఆ రోజు మాకు దొరికింది.

ఇక్కడొక లెక్క చెప్పుకోవాలి. జేన్‌కు మేడిరాలో ఉన్న చిన్నాన్న నుంచి ఇరవై వేల పౌన్లు వచ్చాయి. అందులో ఐదు వేలు ఉంచుకుని మిగతాది ముగ్గురు మేనత్త బిడ్డలకు పంచింది. గొప్ప మనసు. కానీ 1847 నాటి ఇంగ్లండు చట్టంలో, ముందే ప్రత్యేకంగా రాసుకున్న ఒప్పందం లేకపోతే, పెళ్లయిన మరుక్షణం భార్య డబ్బు భర్త చేతికి పోతుంది. పెళ్లయిన ఆడదానికి తన ఆస్తి మీద పూర్తి హక్కు 1882లో గానీ రాలేదు. ఆమె విడిపిస్తానన్న జనానాలో ఆడవాళ్లకు మెహర్ ఉంది. తల్లిదండ్రుల ఆస్తిలో హిస్సా ఉంది, అన్నదమ్ముల్లో సగమే అయినా ఉంది. భర్త దాన్ని ముట్టుకోవడానికి లేదు. 1717లో టర్కీ పోయి వచ్చిన మేరీ మాంటెగ్యూ అనే ఇంగ్లీషు దొరసానే అక్కడి ఆడవాళ్ల డబ్బు వాళ్ల చేతుల్లోనే ఉంటుందని ఉత్తరాల్లో రాసింది. ఈ లెక్క చెప్పగానే మా గదిలో మగవాళ్లం చాలా సంతోషపడ్డాం. ఆ సంతోషం ఎంతసేపు నిలిచిందో తర్వాత చెప్తాం.

ఇప్పుడు హిందుస్తానీ సంగతి. ఇల్లు విడిచిపోయిన జేన్‌ను సెయింట్ జాన్ అనే పాదిరి ఆదుకుంటాడు. అతను మేనత్త కొడుకని తర్వాత తెలుస్తుంది. అతను హిందూదేశానికి మిషనరీగా పోవాలనుకున్నవాడు. జేన్ జర్మన్ నేర్చుకుంటుంటే, అది మానెయ్యి, హిందుస్తానీ నేర్చుకో అంటాడు. ఆమె నేర్చుకుంటుంది. ఆ గజిబిజి అక్షరాల ముందు కూర్చుని చదవబోయి ఏడుపు ఆపుకోలేకపోతుంది. ఈ పేజీ దగ్గర మేం చాలాసేపు ఉన్నాం. ఏ గజిబిజి అక్షరాలవి? కుంపెనీ దొరలకు నేర్పడానికి కలకత్తాలో 1800లో పెట్టిన ఫోర్ట్ విలియం కాలేజీలో మీర్ అమ్మన్‌తో 'బాగ్ ఓ బహార్' రాయించిన జబాన్ అది. మా నానీలు ఖురాన్ పక్కన దాచుకున్న కాగితాల మీది జబాన్. 1948 దాకా సంగారెడ్డి కచేరీల్లో, కోర్టుల్లో నడిచిన జబాన్. ఇంగ్లీషు పల్లెలో ఒక పంతులమ్మ దాన్ని నేర్చుకుంటూ ఏడ్చింది. ఆమె మనవలు పాలించిపోయిన దేశంలో, తెలుగులో రాసుకునే మాలో సగం మందిమి ఆ అక్షరాలు చదవలేం. ఇంట్లో మాట్లాడతాం. కాగితం మీద పెడితే చూస్తూ ఉండిపోతాం.

ఆ నవలే మన జబాన్‌లోకి 1952లో 'సంగ్‌దిల్' అనే సినిమాగా తిరిగొచ్చింది. జేన్ వేషం వేసింది ముంతాజ్ జహాఁ, మధుబాల పేరుతో. రాచెస్టర్ యూసుఫ్ ఖాన్, దిలీప్ కుమార్ పేరుతో. ఇది పక్కమాటే. కానీ ఎవరి పేర్లు ఎక్కడ తాళం వెనకకు పోయాయో లెక్క వేస్తున్నప్పుడు ఇదీ గుర్తొస్తుంది.

జేన్ చివరికి ఇండియా రాలేదు. సెయింట్ జాన్ వచ్చాడు, నవల అతని మాటలతోనే ముగుస్తుంది. అతనిలాంటివాళ్లు మా దగ్గరికీ వచ్చారు. 2016 దాకా సంగారెడ్డి మెదక్ జిల్లాకు కేంద్రం. ఆ మెదక్‌లో వెస్లియన్ మిషనరీ చార్లెస్ పాస్నెట్ కట్టించిన పెద్ద చర్చి 1924లో తెరిచారు. కరువులో కూలీలకు తిండి దొరికింది దాని పనిలోనే అని ఇప్పటికీ చెప్పుకుంటారు. మా బైఠక్‌కు వచ్చే ఒక దళిత క్రైస్తవ అన్న, మేం సెయింట్ జాన్‌ను ఎగతాళి చేస్తుంటే ఊరుకోలేదు. "మీ కోపం మీది. మా తాతను బడిలోకి రానిచ్చింది వాళ్లే, ఊరు కాదు" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. సామ్రాజ్యం ఒక చేత్తో చేసిన పని ఇంకో చేత్తో చేసిన పనిని రద్దు చేయదు. అన్న మాటతో మా చదువు కొంచెం నెమ్మదించింది, అది మంచికే జరిగింది.

జోనానా రాసిన ఆ రోజుల్లోనే ఇక్కడ హైదరాబాదులో కూడా స్త్రీవాదం తనను తాను అడుగుకుంటోంది. అంతకుముందు స్త్రీ అంటే ఒకే స్త్రీ. 1985లో షాబానో తీర్పు, 1986లో దాన్ని తిప్పికొట్టిన చట్టం వచ్చినప్పుడు ఉమ్మడి పౌరస్మృతి కావాలని స్త్రీ ఉద్యమంలో చాలామంది అడిగారు. కొన్నాళ్లకు అదే మాట హిందుత్వ పార్టీ నోట్లో వినపడేసరికి ఉలిక్కిపడ్డారు. 1990లో మండల్‌కు వ్యతిరేకంగా రోడ్డెక్కిన అగ్రవర్ణ అమ్మాయిలు మాకు ఉద్యోగాలు లేని మొగుళ్లు వద్దన్నారు. 1991లో చుండూరులో దళితులను నరికి కాలువలో పడేసినప్పుడు, అగ్రవర్ణ స్త్రీల మానమర్యాదల పేరు కూడా చెప్పారు. సూసీ తారు, తేజస్విని నిరంజన 1994లో రాసిన వ్యాసం ఇట్లాంటి సంఘటనలను పక్కపక్కన పెట్టి, ఈ 'స్త్రీ' ఎవరు, ఆమెకు కులమూ మతమూ లేవా అని అడిగింది. 1985లో మొదలైన అన్వేషి చట్టాల మీద పెట్టుకున్న బృందం 1997లో పౌరస్మృతి మీద రాస్తూ, ఇది ఒట్టి చట్టం సమస్య కాదన్నది. మేం దీన్ని మనసారా ఒప్పుకుంటాం. మా మాట వినకముందే వాళ్లు తమ మాటను తాము అనుమానించుకున్నారు. అట్లాంటి పని ఎందరు చేస్తారు?

కానీ అది వ్యాసాల్లో జరిగింది. వీధిలో ఇంకా జేన్ మాటే నడుస్తోంది. 2001లో ఆఫ్ఘనిస్తాన్ మీద బాంబులు వేస్తూ ఆడవాళ్లను విడిపిస్తున్నామన్నారు. ముస్లిం స్త్రీలను నిజంగా ఎవరో రక్షించాలా అని లీలా అబూ లుఘోద్ 2002లో అడగవలసి వచ్చింది. 2019లో తలాఖ్ చెప్పిన మొగుణ్ని మూడేళ్లు జైల్లో పెట్టే చట్టం చేస్తూ ముస్లిం చెల్లెళ్లకు న్యాయం అన్నారు. 2022లో కర్ణాటకలో తలమీద గుడ్డ ఉందని ఆ చెల్లెళ్లనే కాలేజీ గేటు బయట నిలబెట్టారు.

జనానాలో ఉన్నవాళ్లు ఈలోగా ఊరుకోలేదు. బెంగాల్‌లో పర్దా లోపల పెరిగిన రుఖయా సఖావత్ హుసేన్ 1905లో ఇంగ్లీషులో ఒక కథ రాసింది. పేరు 'సుల్తానాస్ డ్రీమ్'. మద్రాసు నుంచి వచ్చే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. అందులో మగవాళ్లు మర్దానాలో తలుపులేసుకుని కూర్చుంటారు, ఆడవాళ్లు ఎండను పట్టి వంట చేస్తారు, దేశమేలుతారు. సుల్తాన్ అంటే జేన్‌కు భయం. రుఖయా ఆ పేరుకు ఒక అక్షరం చేర్చి ఆడదాన్ని చేసేసింది. తెలుగులో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది, 'జల్‌జలా' 1998లో వచ్చింది, షాజహానా 'నఖాబ్' 2005లో వచ్చింది. ఈ వరసలో ఆడగొంతు పుస్తకంగా రావడానికి ఎన్నేళ్లు పట్టిందో ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు.

ఇంగ్లీషు నవల గురించి ఇంత చెప్పి మన నవల దగ్గర నోరు మూసుకుంటే అన్యాయం. చలం 'మైదానం' 1927లో వచ్చింది. వకీలు భార్య, బ్రాహ్మణ స్త్రీ రాజేశ్వరి అమీర్ అనే ముస్లింతో లేచిపోతుంది. ఊరి బయట మైదానంలో, ఏటి పక్కన ఇద్దరూ బతుకుతారు. మొదట దీన్ని బూతన్నారు. విశ్వనాథ సత్యనారాయణ 'చెలియలికట్ట' దీనికి జవాబని విమర్శకులంటారు. తర్వాత స్త్రీవాదులు చలాన్ని తమ పూర్వీకుడిగా చెప్పుకున్నారు. 1994లో శతజయంతి నాటికి రాజేశ్వరి ఆడదాని శరీరానికి, కోరికకు గొంతైంది. ఆమె గర్భం గురించి, దాన్ని ఉంచుకోవడం మీద అమీర్‌తో వచ్చిన పోరు గురించి కొందరు లోతుగా రాశారు. మంచి చదువులే.

కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పేది రాజేశ్వరే. అమీర్ మనకు ఆమె కళ్లలోంచే కనపడతాడు. బలం, మోటుతనం, కోపం, ఒళ్లు. అతనికి జమాతు ఎక్కడ? అతని అమ్మీ ఈ సంగతి విని ఏమన్నది? తురకవాడు బాపనామెను లేపుకుపోయాడంటే అతని బస్తీ మీద ఏం పడింది? ఆ మైదానంలో వీటికి చోటు లేదు. అగ్రవర్ణపు ఇంట్లో ఊపిరాడని ఆడదానికి బయట అంటూ ఒకటి కావాలి. ఆ బయటకు ముస్లిం మగవాడి ఒళ్లు పనికొచ్చింది. జేన్‌కు సుల్తాన్ పారిపోవలసినవాడు, రాజేశ్వరికి పరుగెత్తి చేరవలసినవాడు. రెండుచోట్లా అతను ఊరికి అవతలివాడే, నియమం లేనివాడే. అమీర్ చివరికి కత్తిపోటుతో చస్తాడు. రాజేశ్వరి నేరం తన నెత్తిన వేసుకుంటుంది, మనం ఆమె కోసం ఏడుస్తాం. చలం మనసులో ద్వేషం లేదని మాకు తెలుసు. ముస్లింను ప్రేమించదగినవాడుగా రాయడమే ఆ రోజుల్లో తెగువ. ప్రేమతో రాసినా అమీర్ మేడ మీది గదిలోనే ఉన్నాడు. 'లవ్ జిహాద్' అన్న మాట పుట్టాక చట్టాలు కూడా చేసుకున్న ఈ దేశంలో 'మైదానం' మళ్లీ తెరిస్తే అమీర్‌ను అడగకుండా చదవడం మా వల్ల కాలేదు.

ఇంతవరకు చెప్పి మేం, అంటే మా గదిలో మగవాళ్లం, చాలా గెలిచినట్టు కూర్చున్నాం. జేన్ సామ్రాజ్యం బిడ్డ, చలం అగ్రవర్ణం, లెక్క సరిపోయింది. అప్పుడు సంగారెడ్డి నుంచి వచ్చే టీచరు ఆపా చాయ్ గ్లాసు కింద పెట్టింది. "భాయి, ఆ ఇంగ్లీషు చట్టం లెక్క బాగ చెప్పిన్రు. మీ చెల్లెళ్లకు హిస్సా ఇచ్చినోళ్లు చెయ్యెత్తండి" అన్నది. గదిలో పద్నాలుగు మంది మగవాళ్లం ఉన్నాం. ఒక చెయ్యి లేచింది. అది కూడా ఇంటి సగం కాదు, వంటగది వెనక జాగా. మెహర్ ముట్టజెప్పినవాళ్ల సంగతి అడగనే లేదు ఆమె.

"జేన్ మనల్ని అడగలేదు, నిజమే. మీరు అడిగిన్రా?" అన్నది చెల్లె. బయటివాళ్లు జనానా అన్నప్పుడల్లా మేం ఆ తలుపుకు అడ్డం నిలబడి, లోపల అంతా బాగుందని చెప్తూ వచ్చాం. అడ్డం నిలబడ్డవాళ్ల వీపులు చూస్తూ లోపలివాళ్లు ఎన్నాళ్లుండాలి? జోనానా వ్యాసాన్ని మేం మా సుల్తాన్లకు డాలుగా పట్టుకోబోయామని ఆపాలు చెప్పేదాకా మాకు తట్టలేదు. బురఖా మీద ఎప్పుడు రాస్తావని అడిగిన పెద్దమనిషికీ, బురఖా మీద బయట రాయొద్దని చెప్పే మాకూ తేడా ఎంత? ఇద్దరం ఆమె కూలి గురించి వినలేదు. ఈ వ్యాసంలో 'మేం' అని రాస్తున్నప్పుడల్లా ఇప్పుడు చెయ్యి కొంచెం ఆగుతోంది. ఆపాలు ఈ ప్రతి చదివి రెండు చోట్ల కొట్టేశారు. ఇక్కడ మాత్రం ఉంచమన్నారు.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక కంపెనీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు పోయారు. చాలామంది బీహార్, ఒడిశా, యూపీల నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు. ఆ నెల మేం బైఠక్ పెట్టలేదు. తర్వాత కూర్చున్నప్పుడు చెల్లె వాళ్ల అమ్మీని వెంట తెచ్చుకుంది. అమ్మీ బొల్లారంలో మందుల ప్యాకింగులో పదమూడేళ్లు చేసింది. అమ్మీకి నవల కథంతా దక్కనీలో చెప్పుకొచ్చింది చెల్లె. జేన్, సుల్తాన్, తాళం, నిప్పు. అమ్మీ విన్నది. విడిపిస్తానన్న మాట దగ్గర ఊరికే తలూపింది. అంతా అయ్యాక, "వో ఊపర్ బంద్ థీ నా, ఉస్కు ఖానా కౌన్ ఖిలాతీ థీ?" అని అడిగింది. పైన బందీగా ఉన్నదానికి అన్నం పెట్టిందెవరని.

గ్రేస్ పూల్, అన్నది చెల్లె. ఇంటివాళ్లు ఆ నవ్వును ఎవరి మీదికి తోశారో ఆ పనిమనిషి. వూల్ఫ్ ఆమె పేరు చెప్పి దాటిపోయింది. మేం చదివిన మిగతావాళ్లంతా ఆమెను తోసుకుని బెర్తా దగ్గరికి పోయారు, మేమూ పోయాం.

"తన్‌ఖా కిత్తా?"

చెల్లె పేజీలు తిప్పింది. జేన్ జీతం ఏడాదికి ముప్పై పౌన్లు. గ్రేస్ జీతం ఇంట్లో పనిపిల్ల జీతానికి ఐదింతల పైనే అని పనివాళ్లు చెప్పుకుంటారు. మూడు నెలలకోసారి పట్నం పోయి బ్యాంకులో వేసుకుంటుంది. తర్వాత ఒకచోట రాచెస్టర్ ఏడాదికి రెండు వందల పౌన్లు ఇస్తానంటాడు.

అమ్మీ వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుంది. "రాత్ కీ డ్యూటీ భీ ఉసీచ్ కీ?" అన్నది. చెల్లె మళ్లీ పేజీలు తిప్పడం మొదలుపెట్టింది.